మెజారిటీ తగ్గాకే మాట చెల్లింది: కుప్పం నియోజకవర్గం, నిన్న, నేడు, రేపు

అందరికీ నమస్కారం. కుప్పం మీద మాట్లాడమన్నారు. పార్టీల పేరెత్తకుండా కుప్పం గురించి మాట్లాడటం కుదరదు కాబట్టి ముందే చెబుతున్నాను. ఇవాళ నేను చెప్పేది టీడీపీ వాళ్లకి కొంత, వైసీపీ వాళ్లకి కొంత నచ్చదు. ఇద్దరూ కొంచెం ఓపిక పట్టాలి. (నవ్వులు)

ఒక అంకెతో మొదలుపెడతాను: 6,918. 1989లో చంద్రబాబు నాయుడు కుప్పంలో మొదటిసారి పోటీ చేసినప్పుడు ఆయనకు వచ్చిన మెజారిటీ ఇది. ఆయనకు 50 వేల ఓట్లు, కాంగ్రెస్ అభ్యర్థి బి.ఆర్. దొరస్వామి నాయుడుకి 43 వేల పైచిలుకు వచ్చాయి. మూడున్నర వేల మంది అటు మొగ్గి ఉంటే ఆంధ్రప్రదేశ్ రాజకీయ చరిత్ర ఇంకోలా ఉండేదేమో. మీలో చాలామందికి ఓటు వచ్చి ఒకటి రెండు ఎన్నికలే అయ్యాయి. మీరు పుట్టేసరికే కుప్పం అంటే చంద్రబాబు, చంద్రబాబు అంటే కుప్పం. అందుకే అది ఎప్పటినుంచో అంతే అనిపిస్తుంది. అలా ఏమీ లేదు.

కాస్త వెనక్కి వెళ్దాం. 1962లో కుప్పం నుంచి గెలిచింది కమ్యూనిస్టు అభ్యర్థి, వజ్రవేలు శెట్టి. ఈ మాట చెబితే కుప్పం కుర్రాళ్లే నమ్మరు. ఆ తరవాత డి. వెంకటేశం, 1978లో ఇదే దొరస్వామి నాయుడు గెలిచారు. అంటే టీడీపీ పుట్టకముందు కుప్పం ఎవరి సొత్తూ కాదు. 1983లో ఎన్టీఆర్ గాలిలో ఎన్. రంగస్వామి నాయుడు గెలిచారు, 1985లో మళ్లీ ఆయనే గెలిచారు. అప్పటినుంచి ఇప్పటివరకు అసెంబ్లీ ఎన్నికల్లో కుప్పంలో ఇంకో పార్టీ గెలవలేదు.

చంద్రబాబు ఇక్కడికి ఎందుకొచ్చారు? ఆయనది చంద్రగిరి వైపు నారావారిపల్లె. 1978లో చంద్రగిరిలో కాంగ్రెస్ అభ్యర్థిగా గెలిచి మంత్రి అయ్యారు. 1983లో అదే చంద్రగిరిలో, సొంత మామగారు పెట్టిన పార్టీ అభ్యర్థి చేతిలో ఓడిపోయారు. 1985లో ఎక్కడా పోటీ చేయలేదు. 1989కి వచ్చేసరికి ఆయనకు భద్రమైన సీటు కావాలి. సొంత ఊరిని నమ్ముకునే పరిస్థితి లేదు. జిల్లాకి ఆ చివర, రెండు రాష్ట్రాల సరిహద్దు మీద ఉన్న కుప్పం దొరికింది. పెద్ద నాయకులకి ఇలాంటి సీటు ఎందుకు కావాలో ఆ ఏడాదే తెలిసింది. 1989లో ఎన్టీఆర్ అంతటివారు కల్వకుర్తిలో ఓడిపోయారు. హిందూపురం ఉండబట్టి అసెంబ్లీలో అడుగుపెట్టగలిగారు.

ఇక మెజారిటీలు చూడండి. 1994లో 56 వేలు దాటింది. 1999లో 65 వేలు దాటింది. 2004లో పార్టీ రాష్ట్రమంతా తుడిచిపెట్టుకుపోయి 47 సీట్లకు పడిపోయినా ఇక్కడ దాదాపు 60 వేలు. 2009లో 46,066. 2014లో 47,121. 2019లో 30,722. 2024లో 48,006. రెండుసార్లూ పదవిలో ఉండి ఎన్నికలకు వెళ్లి పదవి పోగొట్టుకున్నారు, కానీ 2004లో కంటే 2019లో మెజారిటీ సగానికి పడింది. దీన్ని గుర్తుపెట్టుకోండి, ఇవాళ నేను చెప్పేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ముందు, ఇంత భద్రత ఎలా వచ్చిందో చూద్దాం. కులం లెక్క ఇక్కడ పనిచేయదు. చంద్రబాబు సామాజికవర్గం కుప్పంలో తక్కువ. సంఖ్యలో పెద్దది బీసీలు, అందులోనూ వన్నెకుల క్షత్రియులు. పులివెందులలో లాగా తాతముత్తాతల నుంచి వస్తున్న బంధుత్వాలు, ఊరూరా చుట్టరికాలు కూడా లేవు. ఆయన బయటినుంచి వచ్చిన మనిషి. ఎమ్మెల్యే ఊళ్లో ఉండరు, ఉండాలని జనం కూడా పెద్దగా అనుకోలేదు. చాలాసార్లు నామినేషన్ కూడా ఆయన తరఫున వేరేవాళ్లే వేస్తారు. 2024లో ఆయన భార్య భువనేశ్వరి గారు వేశారు.

ఆయన కట్టుకున్నది ఒక వ్యవస్థ. ఊరికో కార్యకర్త, మండలానికో నాయకుడు, పైన పార్టీ ఇన్‌ఛార్జి, ఆ పైన పీఏ. పెన్షన్ ఆగినా, పోలీస్ స్టేషన్‌లో పని పడినా, పెద్దాసుపత్రిలో బెడ్ కావాలన్నా ఈ వరసలోనే పోవాలి. హైదరాబాదులో ముఖ్యమంత్రి ఆఫీసుకి కుప్పం నుంచి ఫోన్ వచ్చిందంటే దానికో విలువ ఉండేది. రాష్ట్రంలో 1995 సెప్టెంబరు నుంచి ముఖ్యమంత్రిని ఎన్నుకుంటున్న ఊరు మాది అనే గర్వం కూడా దీనికి తోడైంది. ఇది చిన్న విషయం కాదండీ. చెన్నై–బెంగళూరు రైలు మార్గంలో చిన్న స్టేషన్, తెలుగు, తమిళం, కన్నడం కలగలిసి మాట్లాడే సంత, చిత్తూరుకి పోవాలన్నా, బెంగళూరుకి పోవాలన్నా ఇంచుమించు వంద కిలోమీటర్లు. అలాంటి ఊరి పేరు రోజూ పేపర్లో వస్తుంటే ఎవరికి సంతోషంగా ఉండదు?

రెండో కారణం ఎదుటివాళ్లు. కాంగ్రెస్ చాలాకాలం కుప్పాన్ని వదిలేసింది. ఎలాగూ ఓడిపోయే చోట డబ్బు, మనుషుల్ని ఎందుకు తగలెయ్యాలి అన్న లెక్క. బలమైన సీటు ఇంకా బలపడేది ఇలాగే. గెలిచేవాడి కష్టం సగమే, మిగతా సగం ఓడేవాడి నిరాశ.

మూడోది, ఈ సీటు బరువు అసెంబ్లీ దాటి పోయింది. కుప్పం చిత్తూరు పార్లమెంటు కింద ఉంటుంది. 2009 నుంచి అది ఎస్సీ రిజర్వుడు. ఆ ఏడాది టీడీపీ అభ్యర్థి శివప్రసాద్ పదివేల పైచిలుకు మెజారిటీతో గట్టెక్కారు. అదే ఎన్నికలో కుప్పం అసెంబ్లీ మెజారిటీ 46 వేలు. పార్లమెంటు ఓటు కూడా కొంచెం అటూ ఇటూగా ఆ దారిలోనే పడుతుంది కాబట్టి, మిగతా నియోజకవర్గాల్లో పడిన లోటును కుప్పం ఒక్కటే పూడ్చిందని లెక్క తేలిపోతుంది. అందుకే ఎంపీ అభ్యర్థులకి కూడా కుప్పం కార్యకర్త అంటే భయభక్తులు.

ఇప్పుడు అసలు విషయం. ఈ భద్రతకి బదులుగా కుప్పానికి ఏం వచ్చింది?

చాలా వచ్చింది. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వచ్చింది. పీఈఎస్ వైద్య కళాశాల వచ్చింది. తొంభైల చివర్లో ఇజ్రాయెల్ పద్ధతిలో బిందుసేద్యం ప్రయోగం మొదలుపెట్టారు. ఆ రోజుల్లో పేపర్లలో కుప్పం టమాటా ఫొటో రాని వారం ఉండేది కాదు. 2002లో హెచ్‌పీ కంపెనీ ఐ-కమ్యూనిటీ అని పల్లెల్లో కంప్యూటర్ కేంద్రాలు పెట్టింది. ఇవన్నీ మంచివే. కొన్ని నిలిచాయి. విశ్వవిద్యాలయం, వైద్య కళాశాల ఇవాళ్టికీ ఉన్నాయి. బిందుసేద్యం ప్రయోగం ఖర్చు మీద పెద్ద రచ్చ జరిగింది. డ్రిప్పు పరికరం మాత్రం ఇప్పుడు చిత్తూరు జిల్లా పొలాల్లో మామూలు సామాను అయిపోయింది, కాబట్టి దాన్ని పూర్తిగా తీసిపారేయలేం. హెచ్‌పీ కొన్నేళ్లకి వెళ్లిపోయింది.

ఇవన్నీ నాయకుడు ఎంచుకున్నవి. రాష్ట్రానికి, ప్రపంచానికి చూపించడానికి పనికొచ్చేవి. కుప్పం జనం అడిగింది వేరే. అప్పట్లో ఎమ్మార్వో ఆఫీసు పైన పని పడితే మదనపల్లె పోవాల్సి వచ్చేది, రెవెన్యూ డివిజన్ ఆఫీసు అక్కడే ఉండేది. ఊరు ఎంత పెరిగినా పరిపాలన మేజర్ పంచాయతీదే. సాగునీరు ఉండేది కాదు. పాలారు నది మన కుప్పం గుండానే తమిళనాడులోకి పోతుంది, దాని మీద ఆనకట్ట కడదామంటే 2006లో తమిళనాడు సుప్రీంకోర్టుకి వెళ్లింది, అక్కడితో ఆగింది. వేకువన రైలెక్కి బెంగళూరు వైపు కూలికి పోయేవాళ్లు వెళుతూనే ఉన్నారు.

మేజర్ పంచాయతీ సంగతి ఒక్క నిమిషం. 1995 నుంచి 2004 వరకు, మళ్లీ 2014 నుంచి 2019 వరకు, ముఖ్యమంత్రి నియోజకవర్గ కేంద్రం ఒక పంచాయతీ. మున్సిపాలిటీ అయితే పన్నులు పెరుగుతాయని ఊళ్లో కొందరు వద్దన్న మాట నిజమే. అయినా ఇది నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది. ప్రపంచ స్థాయి అన్న మాట రోజూ వినిపించే కాలంలో, ఆ మాట చెప్పే మనిషి ఊళ్లో మురుగు కాలువ పని పంచాయతీ సెక్రటరీ చూసుకునేవాడు.

తప్పెవరిది అని నేను అడగటం లేదు. ఓటు వేరే ఎటూ పోదని తెలిసినప్పుడు ఏ నాయకుడైనా తన ఇష్టాన్ని ముందు పెడతాడు, జనం కోరికను తరవాత చూస్తాడు. చెడ్డవాడు కావడం వల్ల కాదు. రోజుకి ఇరవై నాలుగు గంటలే కాబట్టి, పోటీ ఉన్న చోటికే ధ్యాస పోతుంది.

2019లో ఇది తారుమారైంది. ఓట్ల లెక్కింపు రోజు తొలి రౌండ్లో చంద్రబాబు వెనకబడ్డారని టీవీలో స్క్రోలింగ్ వచ్చినప్పుడు రాష్ట్రమంతా ఒక్కసారి కుప్పం వైపు తిరిగింది. చివరికి 30 వేలతో గెలిచారు. కానీ ఆయనపై నిలబడిన వైసీపీ అభ్యర్థి చంద్రమౌళి, రిటైర్డ్ ఐఏఎస్ అధికారి, స్థానికుడు, బీసీ. అనారోగ్యంతో ఉండి కూడా 69 వేల ఓట్లు తెచ్చుకున్నారు. కుప్పంలో రెండో పార్టీకి అప్పటిదాకా రాని సంఖ్య అది. వైసీపీ అప్పుడు అనుకుంది, ఈ కోటకి తలుపుంది అని.

ఆ తరవాత నాలుగైదేళ్లలో ఏం జరిగిందో వరసగా చూడండి. కుప్పం మున్సిపాలిటీ అయింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణలో రెవెన్యూ డివిజన్ వచ్చింది. మునిసిపాలిటీకి 66 కోట్లు ప్రకటించారు. 2022 సెప్టెంబరులో ముఖ్యమంత్రి జగన్ స్వయంగా కుప్పం వచ్చి సభ పెట్టారు, చంద్రమౌళి కొడుకు భరత్‌ను గెలిపిస్తే మంత్రిని చేస్తానన్నారు. ఇన్నేళ్లుగా అడుగుతున్నవి ఇచ్చింది ఎవరో గమనించారా? అసెంబ్లీకి కుప్పం ఎప్పుడూ గెలిపించని పార్టీ. ఎందుకిచ్చింది? ఓటేస్తుందేమో అన్న ఆశ పుట్టింది కాబట్టి.

కానీ దీనికి ఇంకో ముఖం కూడా ఉంది. 2021 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికల్లో 89 పంచాయతీలకు 70కి పైగా వైసీపీ మద్దతుదారులు గెలిచారు. అదే ఏడాది నవంబరులో మున్సిపాలిటీకి మొదటి ఎన్నికలు జరిగాయి, 25 వార్డుల్లో 19 వైసీపీ, 6 టీడీపీ. బయటి ఊళ్ల నుంచి జనాన్ని తెచ్చి ఓట్లేయించారని టీడీపీ ఆరోపణ. అసలు ఇక్కడి ఓటరు జాబితాలోనే పక్క రాష్ట్రాల వాళ్లున్నారని, ఇన్నేళ్ల మెజారిటీలకు అదే కారణమని వైసీపీ ఆరోపణ. రెండు పార్టీల మాటా నమ్మితే కుప్పంలో ఓటేసేవాళ్లలో కుప్పం వాళ్లు ఎవరూ మిగలరు. (నవ్వులు)

2023 జనవరిలో ఇంకా ముదిరింది. కందుకూరు, గుంటూరు తొక్కిసలాటల తరవాత ప్రభుత్వం జీవో నంబర్ 1 తెచ్చి రోడ్ల మీద సభలు కట్టడి చేసింది. ఆ జీవో చూపించి, సొంత నియోజకవర్గంలో తిరగడానికి వచ్చిన ఎమ్మెల్యే ప్రచార వాహనాన్ని పోలీసులు ఆపేశారు. హైకోర్టు తరవాత ఆ జీవోని కొట్టేసింది. నా అంచనాలో, 2024 ఫలితం సగం ఆ వారంలోనే రాసిపెట్టి ఉంది. కుప్పం ఓటరు తన ఎమ్మెల్యే రావట్లేదని సణుక్కుంటాడు గానీ, వచ్చిన ఎమ్మెల్యేని వేరేవాళ్లు ఆపితే ఊరుకోడు. ఆ నెల 27న లోకేశ్ యువగళం పాదయాత్రకి కుప్పాన్నే ఎంచుకున్నది ఊరికే కాదు.

మరి టీడీపీ ఏం నేర్చుకుంది? చంద్రబాబు కుప్పం పర్యటనలు పెరిగాయి. మూడేసి రోజులు ఉండటం మొదలుపెట్టారు. అంతకంటే ముఖ్యం, ఎమ్మెల్యే అయిన మూడు దశాబ్దాలకి శాంతిపురం మండలం శివపురం దగ్గర ఇల్లు కట్టుకోవడం మొదలుపెట్టారు. గృహప్రవేశం 2025 మేలో అయింది. 65 వేల మెజారిటీ కట్టించలేని ఇల్లు 30 వేల మెజారిటీ కట్టించింది.

ఇక నీళ్లు. హంద్రీ–నీవా సాగునీటి పథకం కుప్పం బ్రాంచి కాలువ పనులు మొదలైంది 2014–19 టీడీపీ హయాంలోనే, అది చెప్పకపోతే అన్యాయం. అప్పుడు పూర్తి కాలేదు. 2024 ఫిబ్రవరి చివర్లో, ఎన్నికలకు కొద్ది వారాల ముందు, జగన్ రామకుప్పం మండలంలో గేట్లెత్తి నీళ్లు వదిలారు. రెండు రోజులకే నీళ్లు ఆగిపోయాయని, అదంతా సినిమా సెట్టింగని టీడీపీ ఎగతాళి చేసింది. 2025 ఆగస్టు 30న పరమసముద్రం చెరువు దగ్గర చంద్రబాబు జలహారతి ఇచ్చారు. శ్రీశైలం నుంచి వందల కిలోమీటర్లు, ఎన్నో లిఫ్టులు ఎక్కి కృష్ణా నీళ్లు కుప్పం చేరాయి. ఎవరు తెచ్చారన్న గొడవ పార్టీలకి వదిలేద్దాం. ఏడాదిన్నరలో ఇద్దరు ముఖ్యమంత్రులు ఒకే కాలువకి పూజ చేయడానికి పోటీ పడ్డారు. 1999లో ఆ పోటీ లేదు.

2024 ఫలితం మీకు తెలిసిందే. చంద్రబాబుకి 1,21,929, భరత్‌కి 73,923. అందరూ 48 వేల మెజారిటీ గురించే మాట్లాడారు. నేను రెండో అంకె చూస్తాను. రాష్ట్రంలో వైసీపీ 11 సీట్లకు పడిపోయిన గాలిలో, కుప్పంలో దాని ఓట్లు 2019 కంటే నాలుగు వేలకు పైగా పెరిగాయి. పోలైన ఓట్లు పెరిగాయి, వైసీపీ ఓట్ల శాతం తగ్గింది, నిజమే. కానీ 73 వేల మంది ఎదురోటు వేసే నియోజకవర్గం తొంభైల నాటి కుప్పం కాదు.

గెలిచాక ఏం జరిగిందంటే, కుప్పం ప్రాంత అభివృద్ధి సంస్థ, కడా అంటున్నారు, పెట్టారు. 2025 జనవరిలో స్వర్ణ కుప్పం విజన్ 2029 విడుదల చేశారు. 2019 ఎన్నికల ముందు శంకుస్థాపన చేసి మరుగునపడిన విమానాశ్రయం మాట మళ్లీ వినిపిస్తోంది. ఇక్కడ నాకు కొంచెం అనుమానం. బెంగళూరుకి ఇంత దగ్గర్లో విమానాశ్రయం కుప్పం కూలీ అడిగింది కాదు. చూపించుకునే పనులు మళ్లీ మొదలయ్యాయా అనిపిస్తుంది. ఇక మున్సిపాలిటీ? చైర్మన్ రాజీనామా చేసి పార్టీ మారారు, 2025 ఏప్రిల్‌లో కౌన్సిల్‌లో మళ్లీ చైర్మన్ ఎన్నిక పెడితే టీడీపీకి 15 ఓట్లు వచ్చాయి. 2021లో ఆరు వార్డులు గెలిచిన పార్టీకి! మధ్యలో వార్డుల్లో ఓటరు మళ్లీ ఓటెయ్యలేదు. ఇది టీడీపీ బలం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

పులివెందులతో పోల్చమని ఇందాక ఒకరు చీటీ పంపారు. క్లుప్తంగా చెబుతాను. 1978లోనే వైఎస్, చంద్రబాబు ఇద్దరూ మొదటిసారి అసెంబ్లీకి వచ్చారు. వైఎస్ సొంత గడ్డ నుంచి వచ్చారు, అప్పటినుంచి ఆ సీటు ఆ కుటుంబం దాటలేదు. మధ్యలో తమ్ముడు, చిన్నాన్న, భార్య, కొడుకు. 2011 ఉప ఎన్నికలో విజయమ్మ మీద నిలబడింది కూడా ఆ ఇంటి మనిషే, మరిది వివేకానందరెడ్డి. అక్కడ పోటీ కూడా ఇంట్లోనే. 2019లో జగన్ మెజారిటీ 90,110, 2024లో 61,687. 2025 ఆగస్టులో పులివెందుల జడ్పీటీసీ ఉప ఎన్నికలో వైసీపీకి 683 ఓట్లు మాత్రమే వచ్చాయి. ఇది నిజమైన ఓటా, పోలీసుల ఓటా అన్న వాదన, 2021 కుప్పంలో టీడీపీ చేసిన వాదనే. పార్టీలు మాత్రం మారాయి. స్థానిక ఎన్నికల్లో అధికార పార్టీ గెలుపును అసెంబ్లీ సీటుకి సూచనగా తీసుకోకూడదని కుప్పం ఇప్పటికే చూపించింది. పులివెందుల విషయంలో కూడా తొందరపడొద్దు.

ఇక ముందు ఏమవుతుంది? 2021లో ఎన్నికైన పంచాయతీలు, మున్సిపాలిటీ గడువు 2026తో తీరిపోతుంది. తరవాతి స్థానిక ఎన్నికల్లో టీడీపీ ఎన్ని గెలుస్తుందో లెక్కపెట్టడం దండగ, అధికారంలో ఉంది కాబట్టి గెలుస్తుంది. చూడాల్సింది ఎన్ని చోట్ల ఏకగ్రీవం అవుతుందన్నది. ఏకగ్రీవాలు ఎక్కువైతే, ఎదుటి పక్షం మళ్లీ కుప్పాన్ని వదిలేస్తోందని అర్థం.

రెండోది పునర్విభజన. విభజన చట్టంలోని 26వ సెక్షన్ ప్రకారం ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ సీట్లు 175 నుంచి 225 కావాలి. 2026 తరవాతి జనగణన లెక్కలొచ్చాకే అది జరిగేది. ఇప్పుడు కుప్పం అంటే కుప్పం, గుడుపల్లె, శాంతిపురం, రామకుప్పం, ఈ నాలుగు మండలాలు. సీట్లు పెరిగితే ఒక్కో నియోజకవర్గం చిన్నదవుతుంది, గీత ఎక్కడ పడుతుందో చెప్పలేం. నలభై ఏళ్లుగా కట్టిన పార్టీ యంత్రాంగం మండలాల వారీగా అల్లుకున్నది. ఒక మండలం అటు పోయినా ఆ అల్లిక తెగుతుంది.

మూడోది అందరి మనసులో ఉన్నదే, ఎవరూ పైకి అనరు. 2029 ఎన్నికల నాటికి చంద్రబాబుకి 79 ఏళ్లు. ఆ తరవాత కుప్పం ఎవరిది? లోకేశ్ మంగళగిరిలో 2019లో ఓడి, అక్కడే ఉండి, 2024లో 91 వేల మెజారిటీతో గెలిచారు. ఆయన దాన్ని వదిలి ఇక్కడికి రావాల్సిన అవసరం లేదు. 2024 ఎన్నికల ముందు భువనేశ్వరి గారు కుప్పం సభలో ఈసారి నేను పోటీ చేస్తానని సరదాగా అన్నారు, జనం చప్పట్లు కొట్టారు. అది సరదాయే. కానీ 1989 నుంచి కుప్పంలో పుట్టిన మనిషెవరూ కుప్పం ఎమ్మెల్యే కాలేదన్నది సరదా కాదు. వైసీపీ మూడుసార్లుగా స్థానిక బీసీ అభ్యర్థిని పెడుతోంది, ఓడినా ఆ మాట జనంలోకి పోయింది. చంద్రబాబు తప్పుకున్న మరుక్షణం టీడీపీలోనే ఆ డిమాండ్ లేస్తుంది. ఆ రోజు కుటుంబం నుంచి ఎవరినైనా తెస్తే పోటీ గట్టిగా ఉంటుంది, స్థానికుడిని పెడితే పార్టీలో నలుగురు అలుగుతారు. రెండిట్లో ఏదైనా, మెజారిటీ మాత్రం ఇప్పటిలా ఉండదు.

టికెట్ ఎవరికి రావాలన్న దాని మీద మీలో కుప్పం నుంచి వచ్చినవాళ్లకి నాకంటే బాగా తెలుసు. ప్రశ్నలకి ఇంకా పావుగంట ఉంది. మైకు వెనక వరసకి పంపండి, ముందు వాళ్లు మాట్లాడనివ్వండి.